ఊరకే రారు మహానుభావులు

మొన్న మా ఆఫీసుకి ఒక తల్లి వచ్చింది. నాలుగిళ్ళల్లో పనిచేసుకుని బతికే మనిషి. కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. బడివాళ్ళు క్లాసుకొక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ ఆ తల్లిదే కాబట్టి ఆమె నెంబరే గ్రూపులో చేరింది. ఆటల పోటీల్లో బహుమతి తీసుకుంటున్న అమ్మాయి ఫొటో పేరుతో, క్లాసుతో, సెక్షనుతో సహా గ్రూపులోకి వచ్చింది. వారం తిరక్కుండానే రాత్రి పది దాటాక ఫోన్లు మొదలయ్యాయి. ముందు మిస్డ్ కాల్స్, తర్వాత మెసేజీలు, ఆ తర్వాత అదే ఫొటో కింద పాడు రాతలు. గ్రూపులో డెబ్భై నెంబర్లున్నాయి. అందులో ఎవరింట్లో, ఎవరి చేతిలోంచి అది బయటికి పోయిందో ఎవరు చెప్పగలరు? బడికి వెళ్ళి అడిగితే, "ఫ్రీగా వస్తోందని వాడుకుంటున్నామమ్మా, మా చేతుల్లో ఏముంది? నెంబరు మార్చుకోండి" అన్నారట. ఇంట్లో తండ్రి ఇంకో పరిష్కారం కనిపెట్టాడు. ఫోను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. "చదివింది చాల్లే" అన్నాడు. హోంవర్కు వచ్చేదీ, పరీక్షల తేదీలు వచ్చేదీ ఆ గ్రూపులోనే. మూడు వారాలుగా ఆ పిల్ల బడికి పోవడం లేదు.

ఈ కథ మనకి కొత్తది కాదు. బస్సులో ఎవడో వెకిలి వేషాలు వేస్తే కాలేజీ మాన్పించింది ఆడపిల్లనే. దారిలో ఎవడో ఉత్తరం ఇస్తే తొందరపడి పెళ్ళి చేసింది ఆడపిల్లకే. తప్పు ఒకరిదీ శిక్ష ఇంకొకరిదీ అయిన ఈ పాత న్యాయం ఇప్పుడు ఫోనులోకి వచ్చి కూర్చుంది. అందుకే పాఠశాలల్లో వాడే ఉచిత ఆన్‌లైన్ సేవల గురించి ఈ సంచికలో మాట్లాడదలుచుకున్నాం. ఇది కంప్యూటర్లు తెలిసినవాళ్ళ వ్యవహారమనీ, మనకెందుకనీ పక్కన పెట్టే విషయం కాదు. ఒక మగపిల్లాడి వివరాలు బయటపడితే అది చాలా ఇళ్ళల్లో చికాకుగానే మిగులుతుంది. అదే ఆడపిల్లవైతే ఆమె చదువే ఆగిపోతుంది.

ముందుగా ఒక మాట. మేం యంత్రాలకి వ్యతిరేకులం కాదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు, జీతం సగమే వస్తున్నా, తమ సొంత ఫోన్లలో, తమ సొంత రీఛార్జితో పాఠాలు చెప్పిన టీచర్లని, ముఖ్యంగా ప్రైవేటు బడుల్లోని ఆడ టీచర్లని మనం మర్చిపోలేదు. ఆ రోజుల్లో చేతికి దొరికిన ప్రతి ఉచిత యాప్‌నీ వాళ్ళు పట్టుకున్నారు. వరదలో కొట్టుకుపోయేవాడు దొరికిన దుంగని పట్టుకున్నట్టే అది. అందులో తప్పు లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది. వరద తగ్గాక కూడా మనం ఆ దుంగ మీదే కూర్చుని ప్రయాణం చేస్తున్నాం. అది ఎవరిదో, ఎటు పోతోందో అడగడం మానేశాం.

"ఉచితం" అనే మాటని కొంచెం విప్పి చూద్దాం. మన దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు. 2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21-ఎ అధికరణం వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఉచితం ఎవరి దయా కాదు. మన పన్నుల డబ్బుతో మన పిల్లలకి అందాల్సింది. అందకపోతే నిలదీసి అడగొచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు. కంపెనీ ఇచ్చే ఉచితం ఇలాంటిది కాదు. అది ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. ఎందుకు తీసేశారని అడిగే హక్కు మనకుండదు, ఎందుకంటే మనం డబ్బు కట్టలేదు. మొదటి ఉచితంలో మనం పౌరులం. రెండో ఉచితంలో మనం ఆ కంపెనీ అమ్ముకునే సరుకుకి ముడిపదార్థం. ప్రభుత్వం మొదటిదాన్ని క్రమంగా కుదించుకుంటూ ఆ ఖాళీలో రెండోదాన్ని నింపుతుంటే, రెండూ ఉచితమే కదా అని మనం మోసపోకూడదు.

ఊరకే రారు మహానుభావులని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కంపెనీకి దక్కేది ఏమిటి? ఒకటి, పిల్లల వివరాలు. పేరు, వయసు, బడి, ఫోను నెంబరు, ఏ ఊళ్ళో ఉంది, ఏ గంటకి నిద్రలేస్తోంది, ఏ లెక్క దగ్గర ఆగిపోతోంది అన్నీ. రెండు, అలవాటు. పదేళ్ళు ఒకే కంపెనీ పెట్టెలో చదివి, రాసి, దాచుకున్న పిల్ల పెద్దయ్యాక డబ్బు కట్టయినా అందులోనే ఉంటుంది. మూడు, పరువు. "ఇన్ని లక్షల మంది పేదపిల్లలకి ఉచితంగా ఇచ్చాం" అని చెప్పుకుంటే ఆ మాటకి మార్కెట్లో విలువ ఉంది.

ఇవి మన ఊహలు కావు. గూగుల్ సంస్థ 2006లో బడులకీ కాలేజీలకీ ఉచిత సేవలు మొదలుపెట్టింది. ఆ సేవల్లో విద్యార్థుల ఈ-మెయిళ్ళని ప్రకటనల కోసం యంత్రాలతో చదివించడం ఇక ఆపేస్తున్నామని 2014 ఏప్రిల్‌లో తనే ప్రకటించింది. అంటే అప్పటిదాకా చదివించినట్టే కదా. ఎంత కావాలంటే అంత దాచుకోండి, హద్దు లేదు అని అదే సంస్థ విద్యాసంస్థలకి చెప్పింది. 2021 ఫిబ్రవరిలో మాట మార్చి, 2022 జూలై నుంచి ఒక్కో సంస్థకి మొత్తం కలిపి వంద టెరాబైట్లే ఉచితమంది. పెద్ద విశ్వవిద్యాలయాలు ఏళ్ళ తరబడి దాచుకున్నవి ఎక్కడికి మార్చాలో తెలియక తంటాలు పడ్డాయి. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఇల్లు వాళ్ళది, ఖాళీ చెయ్యమన్నారు.

అమెరికాలో పుట్టిన ఎడ్మోడో కథ ఇంకా పాఠం చెప్పేది. 2008లో మొదలైన ఈ ఉచిత సేవని ఎన్నో దేశాల్లో టీచర్లు ఇష్టంగా వాడారు. 2017లో దాన్ని దొంగలు కొల్లగొట్టారు. ఏడున్నర కోట్లకి పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి. 2022 సెప్టెంబరులో సంస్థ సేవని మూసేసింది. ఆ మరుసటి ఏడాది మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద అరవై లక్షల డాలర్ల జరిమానా ప్రకటించింది. తల్లిదండ్రుల అంగీకారం లేకుండా పిల్లల వివరాలు సేకరించిందనీ, వాటిని ప్రకటనలకి వాడుకుందనీ ఆరోపణ. ఇంకో ఆరోపణని మనం అడుగున గీత గీసి చదవాలి. అంగీకారం తీసుకునే చట్టపరమైన బాధ్యతని ఆ సంస్థ బడుల మీదా టీచర్ల మీదా నెట్టేసిందట. లాభం తనకి, బాధ్యత టీచరమ్మకి! సంస్థ దగ్గర డబ్బు లేదని చివరికి ఆ జరిమానా వసూలు కూడా ఆపేశారు.

మన దగ్గరకి వద్దాం. 2022 జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. నాలుగు నుంచి పది దాకా ప్రభుత్వ బడి పిల్లలకి కంపెనీ పాఠాలు ఉచితమన్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ప్రభుత్వం కొని పంచింది. పాఠాలు ఉచితమే గానీ అవి చూసే పరికరాలకి వందల కోట్లు ప్రజలవే. పేదింటి పిల్లకి ట్యాబ్ అందిందంటే మాకూ సంతోషమే. కానీ 2024 జూలైలో బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియకి అనుమతిచ్చింది. అంటే ఒప్పందం కుదిరి రెండేళ్ళు తిరిగేసరికి ఇచ్చిన చెయ్యే అప్పులవాళ్ళ పాలయింది. సిలబస్ మారితే ఆ పాఠాల్ని ఎవరు సరిచేస్తారు? పిల్లల వివరాలు కంపెనీ దగ్గర ఏవైనా ఉంటే దివాలా ఆస్తిలో అవీ లెక్కకొస్తాయా? ఇలాంటివి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు.

ప్రభుత్వమే నడిపితే చాలు, అంతా క్షేమమే అని కూడా అనుకోలేం. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్షా వేదిక మన రెండు రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉంది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 మేలో విడుదల చేసిన నివేదికలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 163 చదువు యాప్‌లూ వెబ్‌సైట్లూ పరిశీలించింది. వాటిలో 145 పిల్లల హక్కులకి ముప్పు తెచ్చే పద్ధతుల్లో వివరాలు వాడుతున్నాయంది. అందులో దీక్షా కూడా ఉంది. 2023 జనవరిలో ఇంకో సంగతి బయటపడింది. దీక్షా వివరాలు దాచిన కంప్యూటరుకి తాళమే వెయ్యలేదు. పది లక్షలకు పైగా టీచర్ల, దాదాపు ఆరు లక్షల విద్యార్థుల వివరాలు ఏడాదికి పైగా బాహాటంగా పడి ఉన్నాయి. టీచర్ల పేర్లూ ఫోను నెంబర్లూ కూడా అందులో ఉన్నాయి. ఆ టీచర్లలో ఎంతమంది ఒంటరి ఆడవాళ్ళు, ఎంతమంది కొట్టే భర్త నుంచి తప్పించుకుని వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు ఉండి ఉంటారో ఏ నివేదికా లెక్కెయ్యదు. మన సంస్థలకి వచ్చే ఆడవాళ్ళని చూసిన మనకి ఆ లెక్క ఊహించడం కష్టం కాదు.

ఇక అంగీకారం సంగతి. యాప్ తెరవగానే ఇంగ్లీషులో పేజీల కొద్దీ షరతులు, అడుగున ఒక్క మీట: "ఒప్పుకుంటున్నాను". నొక్కకపోతే బిడ్డకి పాఠం లేదు. ఇది అంగీకారమా? ఆడవాళ్ళుగా మనకి ఈ మాట అర్థం బాగా తెలుసు. కాదనే వీలు లేనిచోట ఔననడం అంగీకారం కాదని దశాబ్దాలుగా వాదిస్తున్నవాళ్ళం మనం. పెళ్ళిపీటల మీద తలవంచుకున్న పిల్ల మౌనం అంగీకారం కానట్టే, ఆ మీట నొక్కడమూ అంగీకారం కాదు. 2021లో వాట్సాప్ తన షరతులు మార్చి, ఒప్పుకోండి లేదా వెళ్ళండి అన్న తీరుకి భారత కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో దాని యజమాని మెటా సంస్థకి 213 కోట్ల జరిమానా వేసింది. పెద్దవాళ్ళ విషయంలోనే అది అన్యాయమైతే, బడి బలవంతం తోడైన పసిపిల్లల మాటేమిటి?

పైగా ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం, 2019-21 మధ్య, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, తెలంగాణలో 26 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఒకే ఫోను ఉన్నప్పుడు అది ముందు తండ్రిది, తర్వాత కొడుకుది, మిగిలిన గంట కూతురిది. బడి సమాచారమంతా ఫోనులోకి మార్చడమంటే, బడికీ ఆడపిల్లకీ మధ్య ఇంటి మగవాళ్ళని కాపలా పెట్టడమే. ఇదివరకు నోటీసు బోర్డు మీద రాస్తే ప్రతి పిల్లా చదువుకునేది. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయేది.

చట్టం ఏం చెబుతోంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం నిర్ధారించుకోవాలంటుంది. పిల్లల మీద నిఘా పెట్టడాన్నీ, పిల్లలకి గురిపెట్టిన ప్రకటనలనీ నిషేధించింది. నియమాలు 2025 నవంబరులో గాని రాలేదు. ముఖ్యమైన బాధ్యతలకి మళ్ళీ పద్దెనిమిది నెలల గడువిచ్చారు. చదువు కోసం, పిల్లల భద్రత కోసం అయితే విద్యాసంస్థలు పిల్లల్ని గమనించొచ్చని ఒక మినహాయింపూ పెట్టారు. భద్రత పేరుతో ఆడపిల్లల మీద ఎన్ని రకాల నిఘా సాగుతుందో మనకి వేరే చెప్పాలా? హాస్టల్లో కిటికీలకి మేకులు కొట్టేదీ మన భద్రత కోసమేనంటారు!

అలా అని చెయ్యగలిగింది లేదనుకోకూడదు. డెన్మార్క్‌లోని హెల్సింగోర్ పట్టణంలో ఒక తండ్రి, తనకి చెప్పకుండా బడి తన బిడ్డ పేరు మీద ఖాతాలు తెరిచిందని ఫిర్యాదు చేశాడు. ఆ ఒక్క ఫిర్యాదు పెరిగి పెద్దదై, 2022 జూలైలో ఆ ఊరి బడుల్లో గూగుల్ సేవల వాడకం మీద ఆ దేశ సమాచార రక్షణ సంస్థ నిషేధం విధించేదాకా వెళ్ళింది. తర్వాత నిషేధం సడలినా, 2024 జనవరిలో ఆ సేవలు వాడే 53 పురపాలక సంఘాలు పద్ధతి మార్చుకోవాలని ఆదేశం వచ్చింది. ఒక్క తల్లో తండ్రో అడిగితే ఏమవుతుందనేవాళ్ళకి ఇది జవాబు.

మన దగ్గరా వేరే దారులున్నాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. ఆ పాఠాల్లో లోపాలున్నాయి. కానీ టీవీ ఏ పిల్లనీ నీ పేరేమిటి, నీ నెంబరెంత అని అడగలేదు. కేరళ ప్రభుత్వం తన బడి కంప్యూటర్లలో ఏళ్ళ క్రితమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది. మూడిల్ లాంటివి 2002 నుంచీ ఉన్నాయి. వాటి లోపలి రాత ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, మన కంప్యూటర్లలో మనమే నడుపుకోవచ్చు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. నడపడానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బు పెట్టమని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు.

అందుకని మేం ఈ కోర్కెలు ముందుకు తెస్తున్నాం.

ఒకటి. ప్రభుత్వం గానీ బడి గానీ ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా దాన్ని తెలుగులో, అందరూ చదివేలా బయటపెట్టాలి. పిల్లల వివరాలు ఏవి తీసుకుంటారు, ఎక్కడ ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది అందులో ఉండాలి. కంపెనీ మూతపడితే ఏమిటన్నదీ ఉండాలి.

రెండు. ఫోను లేదని, ఖాతా తెరవలేదని ఏ పిల్లకీ పాఠం గానీ హాల్‌టికెట్టు గానీ ఆగకూడదు. ప్రతి సమాచారం నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి.

మూడు. తల్లిదండ్రుల నెంబర్లు అందరికీ కనిపించే గ్రూపులు ఎత్తేయాలి. వాట్సాపే వాడక తప్పకపోతే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపొచ్చు. అందులో ఒకరి నెంబరు ఇంకొకరికి కనబడదు. పేరూ క్లాసూ జతచేసి ఆడపిల్లల ఫొటోలు పెట్టడం ఆపాలి.

నాలుగు. టీచర్ల సొంత ఫోనూ సొంత నెంబరూ బడి ఆస్తి కావు. బడి పనికి బడి ఫోను ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి తల్లిదండ్రులకి జవాబు చెప్పడం టీచరు ఉద్యోగంలో భాగం కాదు.

ఐదు. వేధింపు జరిగినప్పుడు ఫిర్యాదు తీసుకునే బాధ్యత బడిదే. పదేపదే వెంటపడటం, ఆన్‌లైన్‌లో కాపు కాయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. నెంబరు మార్చుకోమని చెప్పడం పరిష్కారం కాదు.

వీటిలో మొదటి రెండూ ప్రభుత్వం మెడలు వంచి సాధించుకోవాల్సినవి. మూడోది రేపు పొద్దున్నే మీ ఊరి బడిలో అడిగి సాధించుకోగలిగింది. నలుగురు తల్లులు కలిసి వెళితే హెడ్మాస్టరు కాదనలేరు. అది మేం చూశాం.

ఎందుకంటే ఆ తల్లితో మేమూ బడికి వెళ్ళాం. ముందు విసుక్కున్నా, చివరికి హెడ్మిస్ట్రెస్ గ్రూపు ఎత్తేసి బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టించడానికి ఒప్పుకున్నారు. ఆమె నెంబరు కూడా ఆ గ్రూపులో ఉందనీ, ఆమెకీ అర్ధరాత్రి ఫోన్లు వస్తున్నాయనీ, ఎవరికీ చెప్పుకోలేదనీ మాటల్లో బయటపడింది. షీ టీమ్‌కి ఫిర్యాదు ఇచ్చాం. తండ్రితో మాట్లాడటానికి రెండు ఆదివారాలు పట్టింది. పిల్ల బడికి వెళుతోంది. ఫోను మాత్రం ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న వాదన ఆ ఇంట్లో ఇంకా తెగలేదు.

నిజానికి మన ముందున్న ప్రశ్నా అదే. మన పిల్లల చదువు దాచిన పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? అది కంపెనీ దగ్గర ఉండటానికి వీల్లేదని మా అభిప్రాయం. మీ ఊరి బడిలో ఏ యాప్‌లు వాడుతున్నారో, ఎవరిని అడిగి వాడుతున్నారో కనుక్కుని మాకు రాయండి. వచ్చే సంచికలో మీ ఉత్తరాలతోనే ఈ చర్చ కొనసాగిద్దాం.